రూబెన్ ముద్దపూల మడి

"మళ్ళీ మట్టి!" అంది మేబెల్, చేతి అద్దాన్ని కిటికీ వెలుతురుకేసి తిప్పి చూస్తూ. "నిన్ననే సబ్బుతో కడిగి పెట్టాను. ఈ అద్దంలో నేను మొహం చూసుకోవాలా, పొలం చూసుకోవాలా?"

రూబెన్ థర్టిల్ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని బూటు తాడు ముడి వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"తుడిచే పెట్టాను" అన్నాడు.

"దేంతో? చొక్కా చేతితోనేనా?"

"చొక్కా శుభ్రంగానే ఉంది."

"ఉండేది. ఉతికినదాన్ని నేను, నాకు తెలియదూ? ఈ ఊళ్ళో ఇంకే మొగుడైనా పెళ్ళాం అద్దం పట్టుకెళ్ళి పువ్వుల పావడాల కింద పెట్టి చూస్తాడా? అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. సిగ్గుండక్కర్లేదా?"

"మోకాళ్ళు వంగే రోజుల్లో నీ అద్దం ఎప్పుడైనా అడిగానా, పిల్లా?"

"నీ గడ్డం అద్దం ఉందిగా, అది పట్టుకెళ్ళు."

"అది గోడకి మేకులు కొట్టి ఉంది."

"ఇదీ కొట్టిస్తాను ఉండు."

అంటూనే అద్దాన్ని నడుముకి కట్టుకున్న గుడ్డతో తుడిచి బల్ల మీద, అతని చేతికి అందేంత దూరంలో పెట్టి, కెటిల్ వైపు తిరిగింది. రూబెన్ లేచి, అద్దాన్ని కోటు జేబులో వేసుకున్నాడు. ఆమె చూడనట్టు ఉంది. నలభై ఏళ్ళ సంసారంలో వాళ్ళ తగాదాలన్నీ దాదాపు ఇలాగే ముగిసేవి.

స్నోడ్రాప్ పువ్వు తల దించుకుని ఉంటుంది. అదేమిటో తెలియాలంటే మనిషి కిందకి వంగాలి, లేదా కింద అద్దం పెట్టి లోపలికి చూడాలి. బయటి మూడు రేకులు తెల్లగా, చెంచాల్లా వేలాడతాయి. రేక పువ్వయితే లోపల ఇంకో మూడు పొట్టి రేకులు, ఒక్కోదాని అంచున ఆకుపచ్చ మచ్చ. అంతే. ముద్ద పువ్వయితే లోపల రేకుల మీద రేకులు, కుచ్చిళ్ళలా. చాలా ముద్ద పువ్వుల్లో ఆ కుచ్చిళ్ళు చెదిరి ఉంటాయి. దర్జీ తొందరపడి కుట్టిన గౌనులా ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. రూబెన్ పువ్వులో అలా ఉండదు. అందులో ఇరవై ఒక్క రేకులు, చుట్టూ సమానంగా, ప్రతి రేకు అంచునా గీసినట్టు సన్నటి పచ్చగీత. ఏ పువ్వు కింద అద్దం పెట్టినా అదే లెక్క.

రూబెన్ పొడుగూ కాదు, పొట్టీ కాదు. ఎడమ భుజం కుడి భుజం కన్నా ఓ అంగుళం కిందికి ఉంటుంది, పార పట్టి పట్టి. ముప్పై ఆరేళ్ళుగా ఆ ఊరి చర్చికి సమాధులు తవ్వుతున్నాడు. వేసవిలో సమాధుల తోటలో గడ్డి కోస్తాడు, శీతాకాలంలో చర్చి గంటల ఇరుసులకి నూనె పెడతాడు. వీధిలో ఎదురైతే టోపీ అంచు ముట్టుకుని వెళ్ళిపోతాడు. అతని గొంతు ఎలా ఉంటుందో ఊళ్ళో చాలామందికి సరిగ్గా తెలియదు.

ఆ ఏడు ఫిబ్రవరి ఫిబ్రవరిలా లేదు. ఒక్క రోజూ మంచు గట్టిపడలేదు. మూడు వారాలుగా వెచ్చటి తుంపర పడుతూనే ఉంది. గోడలకి చెమట పట్టింది. పెరటి కంచె దగ్గర హేజెల్ చెట్టు కింద ఉన్న మడి దగ్గరికి వెళ్ళి, రూబెన్ అలవాటుగా కుడిచేత్తో అద్దాన్ని వంచి పట్టుకున్నాడు. అప్పుడు చూశాడు.

మడిలో తూర్పు వైపు నాలుగు కాడలు పడిపోయి ఉన్నాయి. గాలికి పడ్డట్టు కాదు. మొదట్లోనే మెత్తబడి, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. వాటి కింద, మట్టి నుంచి పైకి వచ్చే తెల్లటి తొడుగు మీద, బూడిద రంగు నూగు పట్టి ఉంది. ఎలుక బొచ్చు లాంటి నూగు. వేలితో తాకితే సన్నటి పొగలా లేచింది.

అద్దాన్ని జేబులో పెట్టేశాడు. గడ్డపలుగు తెచ్చాడు.

ఆ మడిలో పంతొమ్మిది దుంపలున్నాయి. అన్నీ ఒక్క దుంప పిల్లలే. ఆ ఒక్క దుంపా ఒక్క గింజ నుంచి వచ్చింది. యుద్ధం అయిన ఏడాది నుంచి రూబెన్ ప్రతి శీతాకాలమూ కుందేలు తోక వెంట్రుకలు కట్టిన పుల్లతో ముద్ద పువ్వు పుప్పొడి తీసి, సమాధుల తోటలో తానే ఏరిన పెద్ద రేక పువ్వులకి అద్దుతూ వచ్చాడు. కాయ పండి నేల మీద వాలే వేళకి కాపలా కాయాలి, లేకపోతే గింజల్ని చీమలు మోసుకుపోతాయి. విత్తితే నాలుగేళ్ళకి పువ్వు. నూరు పూస్తే తొంభై తొమ్మిది పారేయాల్సినవే. ఈ పువ్వు మొదటిసారి పూసి తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు మోకాళ్ళు బాగానే వంగాయి. మట్టిలో బోర్లా పడుకుని రేకులు లెక్కపెట్టాడు.

ఆ ప్రాంతంలో స్నోడ్రాప్‌లు పెంచేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎవరి పెరట్లోనైనా కొత్తది పుడితే, పువ్వు వాడి ఆకు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే మూడు దుంపలు తవ్వి తీసి, తడి వార్తాపత్రికలో చుట్టి, మూడు ఇళ్ళకి ఇస్తారు. ఎప్పుడైనా తమ దగ్గర పోతే ఆ ఇళ్ళకి వెళ్ళి అడిగి తెచ్చుకుంటారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పి నేర్పే విషయం కాదు. అలాంటి పొట్లాలు రూబెన్ కూడా చాలా మోశాడు. కానీ ఈ పువ్వు విషయంలో మాత్రం, ముద్ద పూలు నిలకడ లేనివి, ఒక ఏడు బాగుండి మరో ఏడు చెదురుతాయి, ఐదేళ్ళు ఒకే తీరుగా పూస్తే అప్పుడు ఇస్తాను అనేవాడు. ఐదేళ్ళయ్యాయి. ఆరో ఏడూ అయింది. అడిగిన వాళ్ళకి "ఇంకా చూడాలి" అనేవాడు. ఆ తర్వాత అందరూ అడగడం మానేశారు.

దుంపలన్నీ పెకలించి, రేకుల షెడ్డులో బల్ల మీద పరిచి ఒక్కోటీ చూశాడు. పద్నాలుగు దుంపల పొర మీద ఆవగింజల్లా నల్లటి గింజలు అంటుకుని ఉన్నాయి. నొక్కితే బొటనవేలు లోపలికి దిగింది. మిగిలిన ఐదూ గట్టిగా, తెల్లగా కనబడ్డాయి. వాటిని కాసేపు అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కత్తి తీసి ఒకదాన్ని అడ్డంగా కోశాడు. మధ్యలో గోధుమరంగు వలయం. రెండోది కోశాడు. మూడోదీ కోశాడు. మిగతా రెండింటినీ కోయలేదు. షెడ్డులోని చిన్న పొయ్యి మూత తీసి అన్నిటినీ, ఆకులతో పువ్వులతో సహా, నిప్పుల్లో వేశాడు. ఈ జబ్బు వస్తే అదే చేయాలి. కాస్త దయ తలిచి రెండు దుంపలు ఉంచుకున్నవాళ్ళు చుట్టుపక్కల తోటలన్నిటికీ అంటించిన సంగతి అతనికి తెలుసు. పచ్చి ఆకు కాలిన వాసన వంటగది దాకా వెళ్ళింది. మేబెల్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులకి పిండి ఉంది.

"ఏం కాలుస్తున్నావు?"

"మడి."

"అంతానా?"

"అంతా."

ఆమె ఏదో చెప్పబోయి, చేతుల పిండి గుడ్డకి తుడుచుకుంది. అతను చేతులు కార్బాలిక్ సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని, పార భుజాన వేసుకుని చర్చికి వెళ్ళిపోయాడు. సోమవారం పాత పోస్ట్‌మాన్‌ని పూడ్చాలి. గొయ్యి శనివారమే, అంటే ఇవాళే, సిద్ధంగా ఉండాలి.

చర్చికి ఉత్తరం వైపు నేల బరువైన బంకమట్టి. పైన ఒక జానెడు నల్లమట్టి, ఆ కింద పసుపు, ఇంకా కింద నీలం. రూబెన్ పచ్చగడ్డిని నాలుగు చాపల్లా కోసి చుట్టి పక్కన పెట్టాడు. పైమట్టి ఒక కుప్ప, కిందిమట్టి ఇంకో కుప్ప. అతను తవ్విన గొయ్యి గోడలు కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటాయి. పెట్టె దింపేటప్పుడు బంధువులు పెట్టెనే చూస్తారు గానీ గోడల్ని ఎవరూ చూడరు. ఆ తర్వాత అసలే కనబడవు. అయినా అతను మూలల్లో చిన్న పారతో మళ్ళీ చెక్కుతాడు. ఒకసారి పాదిరీగారు "ఎందుకంత శ్రమ, రూబెన్?" అంటే, "వంకరగా ఉంటే నాకు తోచదు" అన్నాడు.

పన్నెండు దాటాక మేబెల్ వచ్చింది. ఒక చేతిలో మూత పెట్టిన టీ డబ్బా, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన గిన్నె. గొయ్యి అంచున నిలబడింది. రూబెన్ అప్పటికి ఛాతీ లోతులో ఉన్నాడు. ఆమె బూట్లు అతని కళ్ళకి ఎదురుగా ఉన్నాయి.

"పైకి రా. ఒక మాట చెప్పాలి."

"ఇక్కణ్ణించి కూడా వినబడుతుంది."

"పైకి వస్తే బాగుంటుంది."

"గోడ చెక్కుతున్నాను, పిల్లా. చెప్పు."

ఆమె గిన్నెనీ టీ డబ్బానీ పక్క సమాధి రాయి మీద పెట్టింది. చేతులు ఖాళీ అయ్యాక వాటిని ఏం చేయాలో తెలియనట్టు కోటు గుండీలు పెట్టుకుంది.

"నీకు హెర్నియా ఆపరేషను అయినప్పుడు, నాలుగేళ్ళ క్రితం, నువ్వు మార్చి అంతా ఆస్పత్రిలో ఉన్నావు కదా. అప్పుడు నేను నీ మడిలోంచి రెండు దుంపలు తీసి ఇచ్చాను."

పార ఆగింది.

"ఆకు పచ్చగా ఉండగానే తీశాను. నువ్వు ఎలా తీస్తావో అలాగే. చేతిపారతో కాదు, చెంచాతో."

"ఆ ఏడు రెండు తగ్గాయి" అన్నాడు రూబెన్, గోడతో మాట్లాడుతున్నట్టు. "ఈగ గుడ్డులోంచి వచ్చి దుంప తొలిచే పురుగనుకున్నాను. ఆ వేసవంతా మడి దగ్గర కూర్చుని ఈగల్ని కొట్టాను."

"చూశాను."

"చూసి ఊరుకున్నావు."

"నువ్వు చంపితే ఈగలకే కదా నష్టం."

అతను నవ్వలేదు. "ఎవరికిచ్చావు?"

ఆమె తల తిప్పి పెద్ద బంగళా వైపు చూసింది. ఆ చూపుతోనే అతనికి అర్థమైపోయింది. మట్టి మెత్తి ఉన్న చేతిని గొయ్యి గోడకి ఆనించాడు.

"ఈ ఊళ్ళో నీకు ఇంకెవరూ దొరకలేదా?"

"ఇంకెవరూ నన్ను రోజూ ఇరవై మైళ్ళు కారెక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు, రూబెన్. ఇరవై రెండు రోజులు. వానలో, ఆ కిటికీ అద్దాలు సరిగ్గా పడని కారులో. నేను కేకు తీసుకెళ్తే ఆవిడ దాన్ని నీకే పంపించేది. మన ఇంట్లో ఆవిడకి లేనిదంటూ అదొక్కటే ఉంది. అందుకని అదే ఇచ్చాను." ఆమె చివరి గుండీ కూడా పెట్టుకుంది. "తిట్టాలంటే తిట్టు. టీ మాత్రం వేడిగా ఉండగా తాగు."

అతను తిట్టలేదు. పార ఎత్తాడు. ఒక పారెడు నీలంమట్టి పైకి వచ్చి ఆమె కాళ్ళకి జానెడు దూరంలో పడింది. కొంతసేపు చూసి ఆమె వెళ్ళిపోయింది.

యుద్ధానికి ముందు ఏడాది రూబెన్ పెద్ద బంగళాలో తోట పనివాడు. అప్పట్లో అక్కడ తొమ్మిది మంది తోటమాలులుండేవారు. అతని సొంత పెరట్లో, సొంత చేత్తో అద్దిన పుప్పొడికి పుట్టిన మొదటి మంచి ముద్ద పువ్వు మొక్కల్లోంచి దొరసాని మిసెస్ లాంగ్రిష్‌కి ఒక దుంప ఇచ్చాడు. ఆమె అడిగింది. అడిగితే ఇవ్వడమే పద్ధతి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో లండన్ పూల ప్రదర్శనకి ఆ పువ్వు కుండీని ఒళ్ళో పెట్టుకుని మోసుకెళ్ళింది రూబెనే, మూడో తరగతి పెట్టెలో. బల్ల మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పువ్వు పక్కన అట్ట మీద రాసి ఉంది: "మిసెస్ లాంగ్రిష్. ఈ దొరసానిగారి చేతుల మీద పుట్టినది." దానికి ప్రశంసాపత్రం వచ్చింది. తిరుగు ప్రయాణంలో కుండీ మళ్ళీ అతని ఒళ్ళోనే ఉంది. ఆ వారమే పని మానేశాడు. కారణం ఎవరికీ చెప్పలేదు, మేబెల్‌కి తప్ప. ఆమెకి కూడా ఒకే ఒక్కసారి చెప్పాడు. ఆ పువ్వు యుద్ధంలో పోయింది. బంగళా తోటలోనూ అతని పెరట్లోనూ బంగాళాదుంపలు వేశారు.

రెండున్నరకి కర్ర పెట్టి లోతు కొలిచాడు. గొయ్యి మీద చెక్కలు కప్పాడు. చల్లారిన టీ నిలబడే తాగేశాడు. గిన్నెలో బంగాళాదుంప, మాంసం వేసి కాల్చిన బొబ్బట్టులాంటి రొట్టె ఉంది. అది ముట్టుకోలేదు. కాసేపటికి మళ్ళీ గుడ్డ తీసి, సగం తిన్నాడు.

అక్కణ్ణించి ఇంటికి వెళ్ళలేదు. దారి పట్టి నడిచి, పెద్ద బంగళా వెనక గేటు దాకా వచ్చి ఆగాడు. పొద్దున మడిలో తిరిగిన బూట్లే కాళ్ళకున్నాయి. ఆ బూజు మట్టితో పాటు వస్తుంది. బూట్లు విప్పి గేటు బయట గోడవారగా పెట్టాడు. కోటు కూడా విప్పి స్తంభానికి తగిలించాడు. ఉన్ని మేజోళ్ళతో తడి గులకరాళ్ళ మీద నడుస్తూ లోపలికి వెళ్ళాడు. ఎడమ కాలి బొటనవేలి దగ్గర మేబెల్ వేసిన మాసిక వేరే రంగులో ఉంది.

మిస్ లాంగ్రిష్ వంటగది మెట్ల మీద కోళ్ళకి గింజలు వేస్తోంది. ఆ దొరసాని ఒక్కగానొక్క కూతురు. ఏభై ఏడేళ్ళ మనిషి, పొడుగ్గా, కొంచెం వంగి, ఎవరిదో మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె వాడేవి రెండు గదులే. మిగతావి మూసేసింది. మేజోళ్ళతో గడ్డం తడిసి వస్తున్న మనిషిని చూసి ఆమె గింజల గిన్నె కింద పెట్టేసింది. ఎందుకలా వచ్చాడని అడగలేదు. తోట తెలిసిన మనిషి.

"బూజా, మిస్టర్ థర్టిల్?"

"బూజే, మిస్."

"మొత్తం పోయిందా?"

"పొద్దున కాల్చేశాను."

ఆమె లోపలికి వెళ్ళి రబ్బరు బూట్లు తెచ్చింది. "మా నాన్నవి. మీకు పెద్దవవుతాయి. రండి."

ఆ ఇంటి వాళ్ళు అతన్ని ఎప్పుడూ థర్టిల్ అనే పిలిచేవారు. మిస్టర్ అనే మాట ఆ గోడల మధ్య తన పేరు ముందు వినడం ఇదే మొదటిసారి. అతను బూట్లు తొడుక్కున్నాడు.

పాత గాజుపెట్టెల వెనక, ఉత్తరపు గోడ నీడలో, పొయ్యి ముందు పెట్టే తీగ జాలీ ఒకటి బోర్లించి ఉంది. ఆమె దాన్ని ఎత్తింది. కింద తొమ్మిది పువ్వులు. కాడలు నిటారుగా, ఆకులు బూడిదపచ్చగా, మొదళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చుట్టూ సన్నటి కంకర పరిచి ఉంది, నీళ్ళు నిలవకుండా. పక్కన పేరు పలక లేదు.

రూబెన్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తర్వాత గోడ మీద ఒక చెయ్యి, ఆమె భుజం మీద ఇంకో చెయ్యి వేసి, మోకాళ్ళ మీదికి దిగాడు. ఎవరి భుజం మీద చెయ్యి వేశాడో అతనికి ధ్యాస లేదు. ఆమె కదలకుండా నిలబడింది. అతను ఒక్కో పువ్వు గడ్డం కింద వేలు పెట్టి ఎత్తి చూశాడు. పెదవులు కదులుతున్నాయి. తొమ్మిదీ చూశాడు.

"ఎవరైనా చూశారా?"

"డాక్టరు భార్య ఒకసారి వచ్చింది. ముందే జాలీ మీద గోనె కప్పేశాను. ఇది నాది కాదని మేబెల్‌తో ఆ రోజే చెప్పాను. మీరు అడిగే దాకా ఉంచుతానన్నాను."

"కంకర మంచి పని" అన్నాడు రూబెన్. "నేను వేయలేదు."

ఆమె కాస్త ఆగి, గోడకేసి చూస్తూ అంది: "ఆ రోజు నేనూ అదే రైల్లో ఉన్నాను, మిస్టర్ థర్టిల్. లండన్ వెళ్ళిన రోజు. మొదటి తరగతిలో, మా అమ్మ ఎదురుగా. ఆ అట్ట మీద రాసింది నేనే. నా దస్తూరీ బాగుంటుందని నాతో రాయించింది. అది అబద్ధమని రాసేటప్పుడు నాకు తెలుసు."

రూబెన్ తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ముప్పై ఏడేళ్ళుగా అతను కోపం పెట్టుకున్న దొరసాని చనిపోయి పదహారేళ్ళయింది. ఆమె గొయ్యి కూడా తనే తవ్వాడు. మిగతా గోతుల్లాగే దాని మూలలూ చెక్కాడు.

"దస్తూరీ బాగుంది" అన్నాడు చివరికి. "దూరం నించి కూడా చదవగలిగాను."

ఆమె నవ్విందో ఏడ్చిందో అతను చూడలేదు. లేవడానికి మళ్ళీ ఆమె భుజం కావాల్సి వచ్చింది.

"పార తెస్తాను. అన్నీ మీరే తీసుకెళ్ళండి."

"ఎక్కడికి తీసుకెళ్ళను, మిస్? నా మట్టి పాడైపోయింది."

ఆమెకి అప్పుడు తట్టింది. ఇద్దరూ ఆ తొమ్మిది పువ్వుల్నీ చూస్తూ నిలబడ్డారు. కోళ్ళు వచ్చి జాలీ చుట్టూ తిరుగుతుంటే ఆమె కాలితో తోలింది.

ప్రతి శనివారం ఐదింటికి కూతురు జాయిస్, అల్లుడు కీత్ బస్సులో వచ్చేవారు. ఆ రోజు కూడా వచ్చారు. బల్ల మీద చల్లటి హామ్ ముక్కలు, వినిగర్‌లో వేసిన బీట్‌రూట్, వెన్న రాసిన రొట్టె, టిన్ను పీచ్ పండ్లు. రూబెన్ కాళ్ళు కడుక్కుని, వేరే చొక్కా వేసుకుని తన కుర్చీలో కూర్చున్నాడు. మేబెల్ అతని వైపు చూడకుండా టీ పోసింది.

"నాన్నా, పెరట్లో మడి ఏమైంది? గొయ్యి పడి ఉంది" అంది జాయిస్.

"జబ్బు చేసింది. తీసేశాను."

"అయ్యో! నీ ముద్ద పువ్వులు?" జాయిస్ తల్లి వైపు చూసింది. తల్లి హామ్ ముక్క మీది కొవ్వుని చాలా జాగ్రత్తగా కోస్తోంది.

"పోతే పోయాయిలే మామా" అన్నాడు కీత్. మంచివాడు, సైకిళ్ళు బాగుచేస్తాడు, మొక్కల సంగతి తెలియదు. "మా వీధి చివర కొట్లో డజను దుంపలు సంచీలో అమ్ముతారు. వచ్చే వారం తెస్తాను."

"నువ్వు తిను" అంది జాయిస్, అతని కాలు తొక్కుతూ.

రూబెన్ రొట్టె ముక్కని నాలుగు చేసి, ఒకటి తిని, కత్తిని పళ్ళెం అంచుకి సమానంగా పెట్టాడు.

"ఒక మాట చెప్తాను, వినండి" అన్నాడు. ఆ ఇంట్లో ఎవరూ అతని నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. కీత్ నమలడం ఆపాడు. "అవి అన్నీ పోలేదు. మిస్ లాంగ్రిష్ దగ్గర తొమ్మిదున్నాయి. ఇవాళ వెళ్ళి చూసొచ్చాను. బాగున్నాయి. నా కన్నా బాగా పెంచింది."

మేబెల్ చేతిలో కత్తి ఆగింది.

"పువ్వు వాడాక, మార్చిలో, తవ్వి విడదీస్తాను. మూడు ఆవిడ దగ్గరే ఉంటాయి. మిగతా ఆరూ ఆరు ఇళ్ళకి. పాదిరీగారికి ఒకటి, బడి పంతులమ్మకి ఒకటి, డాక్టరు భార్యకి, స్టేషన్ మాస్టరు భార్యకి, ఆ కొండ దిగువ ఇంట్లో ముసలాయనకి. ఆయన నన్ను నాలుగుసార్లు అడిగాడు. ఆరోది జాయిస్‌కి."

"నాకా?" అంది జాయిస్. "నాన్నా, మా పెరడు జేబురుమాలంత ఉంది. ఉన్నదల్లా గడ్డి, దాన్నీ కీత్ మిషన్ పెట్టి కోసేస్తాడు."

"దాని మీద మిషన్ నడిస్తే, వచ్చి అతని కాళ్ళు కోస్తాను."

"కోయించుకుంటాను మామా" అన్నాడు కీత్. కాసేపయ్యాక, "దాని పేరేమిటి మరి?" అని అడిగాడు.

"పేరు లేదు. ఇప్పుడు తొందరేమీ లేదు."

"మరి మనకి?" అంది మేబెల్. మధ్యాహ్నం చర్చి దగ్గర మాట్లాడాక ఆమె అతనితో మాట్లాడడం అదే మొదలు.

"మన మట్టిలో పదేళ్ళ దాకా ఏ దుంపా వేయకూడదు."

"పదేళ్ళా!"

"పదేళ్ళు."

బల్ల చుట్టూ ఎవరూ ఏ లెక్కా వేయనట్టు కూర్చున్నారు. పొయ్యిలో బొగ్గు ఒకటి జారింది.

"మరి నీకు చూడాలనిపిస్తే?"

"వెళ్తాను. తలుపు తట్టి అడుగుతాను." అతను బీట్‌రూట్ గిన్నె ఆమె వైపు జరిపాడు. "నువ్వు రెండు ఇచ్చావు. మూడు ఇవ్వాల్సింది, పిల్లా."

మేబెల్ లేచి, పీచ్ పండ్లకి చెంచాలు మరిచిపోయానంటూ వంటగదిలోకి వెళ్ళింది. చెంచాలు బల్ల మీదే ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు.

సోమవారం పోస్ట్‌మాన్‌ని పూడ్చారు. రూబెన్ గొయ్యి నింపి, చుట్టి పెట్టిన గడ్డిచాపల్ని మళ్ళీ పరిచి, పారతో చదును చేశాడు. గురువారం ఉదయం గంటలకి నూనె పెట్టడానికి వెళ్ళాడు. పదకొండింటికి పాదిరీగారు వచ్చేసరికి చర్చి దక్షిణపు గోడకి ఆనుకుని ఎండలో కూర్చుని ఉన్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. ఆ శీతాకాలంలో ఎండ వచ్చిన మొదటి రోజు అది. నిద్రపోతున్నాడనుకుని పాదిరీగారు మాట్లాడించకుండా లోపలికి వెళ్ళి, తన పని చూసుకుని, తిరిగి వచ్చి అప్పుడు భుజం తట్టారు.

రూబెన్ గొయ్యి తవ్వడానికి పక్క ఊరి నుంచి ఎవరినో పిలిపించారు. మార్చి మూడో వారంలో మిస్ లాంగ్రిష్ ఆకు పచ్చగా ఉండగానే దుంపలు విడదీసింది. మేబెల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, అద్దాలు సరిగ్గా పడని కారులో ఆరు ఇళ్ళకీ వెళ్ళింది.

వెళ్ళే ముందు మేబెల్ తడి వార్తాపత్రిక కోసం షెడ్డులోకి వెళ్ళింది. కిటికీ గట్టు మీద, గిన్నెలు తోమే సబ్బునీళ్ళ తెల్ల ప్లాస్టిక్ సీసా ఒకటి కోసి చేసిన, మొక్క పక్కన గుచ్చే ఆరు పేరు పలకలు వరుసగా ఉన్నాయి. అంచులు సమానంగా, మూలలు గుండ్రంగా చెక్కి, గాలికి ఎగిరిపోకుండా పైన అడ్డంగా ఒక పెన్సిలు పెట్టి ఉంది. ఒక్కోదాని మీద రూబెన్ దస్తూరీలో ఒక్కో ఇంటి పేరు, పువ్వు పేరు రాయాల్సిన రెండో వైపు ఏమీ రాసి లేదు.